పేర్లు తీసేస్తే సరిపోతుందా?

మాది నార్కట్‌పల్లి. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళలో చాలామందికి అద్దంకి రోడ్డు చీలే చోటుగానే తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చి పడ్డాను. హాస్టల్ మూసేయడంతో మా చిన్నాయన కూతురు కూడా అప్పుడే వచ్చింది. తను సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్ళిన మన వైపు ఆడవాళ్ళ గురించి తన పరిశోధన.

హెచ్-4 అంటే మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2015 మే నుంచి కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి దొరికింది. అదీ, మొగుడి (లేదా పెళ్ళాం) గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. మిగతావాళ్ళు ఇంజనీరింగ్ చదివినా ఇంట్లోనే.

ఒకరోజు మా చెల్లె, "అన్నా, వాట్సాప్‌ల చాట్ చేసుకుంటనే ఇంటర్వ్యూలు తీస్కుంటున్న" అంది. నాకు నవ్వొచ్చింది. ఇంటర్వ్యూ అంటే ఎదురుగా కూర్చోవాలి, ముఖం చూడాలి, గొంతు వినాలి. షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు మన తెలుగు ఐటీ వాళ్ళ మీద "గ్లోబల్ బాడీ షాపింగ్" అని పుస్తకం రాశాడు, 2007లో వచ్చింది. దానికోసం సిడ్నీలోనూ హైదరాబాదులోనూ మనవాళ్ళ మధ్య తిరిగాడు. చాటింగ్‌తో అయ్యే పనా ఇది?

"ఫోన్ చేస్తే ఆడ వాళ్ళింట్ల అందరు ఇంటరు. ఈడ మనింట్ల అందరు ఇంటరు. టైపు చేస్తే ఎవలకూ ఇనవడది" అంది.

నా నోరు మూతపడింది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో డాలస్‌లో పొద్దున పదకొండు. ఆ ఏడాది భర్తలందరూ ఇంట్లోంచే పని. పక్క గదిలో మనిషిని పెట్టుకుని "నాకిక్కడ ఊపిరాడట్లేదు" అని ఎవరు పైకి అంటారు? వంటింట్లో నిలబడి, కూర కలుపుతూ బొటనవేలితో కొట్టొచ్చు.

చాట్ ఇంటర్వ్యూ కొత్తదేమీ కాదు. నలీటా జేమ్స్, హ్యూ బషర్ అనే ఇద్దరు ఆన్‌లైన్ ఇంటర్వ్యూల మీద 2009లోనే ఏకంగా పుస్తకం రాశారు. దీనికీ కొన్ని మర్యాదలున్నాయి. అవతల "టైపింగ్" అని కనిపిస్తున్నప్పుడు మా చెల్లె ఇంకో ప్రశ్న వేసేది కాదు. ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు అది వస్తూ పోతూ ఉండేది. చివరికి వచ్చేది ఒక్క మాట, "అవును" అని. రాసి చెరిపేసిందేమిటో ఎప్పటికీ తెలియదు. "జల్ది ఏముంది అన్నా, ఆగాలె" అనేది. ఫోన్లో అయితే ఆ ఖాళీని మనమే ఏదో ఒక మాటతో నింపేస్తాం.

సరే, నా సంగతికొస్తా. రికార్డింగు విని రాసుకునే బాధ లేదు కదా, చాట్ ఎక్స్‌పోర్ట్ కొడితే టెక్స్ట్ ఫైలు వచ్చేస్తుంది. పేర్లు, ఊర్లు, కంపెనీలు తీసేసి నంబర్లు పెట్టిపెట్టమని నన్నడిగింది. మనకి చిటికెలో పని! ఒక స్క్రిప్టు రాశాను. పేరు కనిపిస్తే "వ్యక్తి-7", ఊరు కనిపిస్తే "ఊరు-2". సరిగ్గా పనిచేసిందా లేదా అని మధ్యలోంచి ఒక ఫైలు తెరిచాను.

పది లైన్లు చదివేసరికి చేతులు చల్లబడ్డాయి. ఆమె ఎవరో నాకు తెలుసు.

పేరు లేదు, ఊరు లేదు. కానీ "గట్టుకు మొక్కుకున్నం" అని ఉంది. చెర్వుగట్టు రామలింగేశ్వరస్వామిని మా చుట్టుపక్కల వాళ్ళం ఒట్టి "గట్టు" అనే అంటాం. నా స్క్రిప్టు దృష్టిలో అది ఊరూ కాదు, పేరూ కాదు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో అలవాటు. ఆమెకున్న అలవాటు నేను ఏళ్ళుగా చూస్తున్నదే. చేతిరాత గుర్తుపట్టినట్టు పట్టేశాను.

ఆమె నాకేమవుతుందో, ఏం రాసిందో ఇక్కడ చెప్పను. పైన చెప్పిన ఆనవాళ్ళలో కూడా ఒకటి మార్చే రాశాను. నేనెప్పుడు మాట్లాడినా "బాగున్నవా?", "ఆఁ, బాగున్న" అనే రెండు మాటల్లో ముగిసేది. ఆ ఫైల్లో ఉన్నది అది కాదు.

ఫైలు మూసేసి చెల్లెకి చెప్పాను. కోపంకంటే భయమే ఎక్కువ కనిపించింది తనలో. "ఎవలకూ తెల్వదని మాటిచ్చిన అన్నా" అంది. తప్పు తనొక్కదానిదే కాదు. వాట్సాప్‌లో 2016 నుంచీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని ఇద్దరం ధీమాగా ఉన్నాం. ఎక్స్‌పోర్ట్ కొట్టిన క్షణాన అది మామూలు టెక్స్ట్ ఫైలు అయిపోతుందని నాకు తెలియదా? తెలుసు, పట్టించుకోలేదు.

తర్వాత మా చెల్లె అందరినీ మళ్ళీ అడిగింది, మీ మాటల్లో ఏవి వాడుకోవచ్చు అని. వాడుకున్నవి కూడా వాళ్ళు కొట్టినట్టే పెట్టకుండా తన మాటల్లో తిరగరాసింది. నేను నా దగ్గరున్న ఫైళ్ళు, వాటి బ్యాకప్పులు అన్నీ చెరిపేశాను. థీసిస్‌లో యాస పోయింది, జీవం కొంత పోయింది. పోనీ.

మన ఆఫీసుల్లో కూడా యూజర్ రీసెర్చ్ పేరుతో చాట్ లాగులు పోగేస్తుంటాం. పేరు, ఫోన్ నంబరు తీసేసి "అనానిమైజ్ చేశాం" అని టికెట్ క్లోజ్ చేస్తాం. బయటివాడికి అది చాలేమో. కానీ మనిషిని గుర్తుపట్టేది బయటివాడు కాదు, ఇంట్లోవాళ్ళూ ఊరివాళ్ళూ. ఎవరికి తెలియకూడదని ఆమె అంతసేపు టైపు చేసి చెరిపేసిందో, సరిగ్గా వాళ్ళే. అందుకని, ఆ ఫైలు వాళ్ళింట్లో మనిషి చేతికొస్తే ఏమవుతుంది అన్న టెస్ట్ కేసు ఒకటి రాసుకోండి. నేను రాసుకోలేదు.

ఆమెకి ఈ సంగతి తెలియదు. నేను చదివానని చెప్పలేను, చెప్పకుండా ఉండడమూ కష్టంగానే ఉంది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడు "బాగున్న" అని ఆమె అన్నాక కూడా వెంటనే పెట్టేయకుండా కాసేపు ఊరికే లైన్లో ఉంటున్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పాలనీ లేదు.