తపతీ తీరాన వేసవి – కారులో చల్లదనం

పశ్చిమ తీరంలో, తపతీ నది సముద్రాన్ని చేరబోయే చోట వెలసిన నగరం సూరత్. మొగలాయిల కాలంలో మక్కా యాత్రికులు ఓడలెక్కిన రేవు ఇదే. పదిహేడవ శతాబ్ది తొలినాళ్ళలో ఆంగ్లేయులు తమ వర్తక స్థావరాన్ని నెలకొల్పుకొన్నదీ ఇక్కడే. 1664లోను, మరల 1670లోను శివాజీ సేనలు ఈ నగరం మీదికి దండెత్తి వచ్చాయంటే నాటి సిరిసంపదలు ఎంతటివో ఊహించుకోవచ్చు. ఆ సంపద నేడు రేవును వీడి, మగ్గాలను, వజ్రాల సానలను ఆశ్రయించుకొని ఉన్నది.

తెలుగువారికి సూరత్ దూరపు ఊరే గాని పరాయి ఊరు కాదు. చెన్నై నుండి విజయవాడ, వరంగల్లుల మీదుగా అహమ్మదాబాదు వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భుసావల్ దాటి, తపతీ లోయ వెంట సాగి, సూరత్‌లో దింపుతుంది. ఆ రైలులో కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల మాట వినిపించని రోజుండదు. మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ పద్మశాలి కుటుంబాలు అనేకం ఇక్కడికి వలస వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడ్డాయి. ఆ వీధులలో నడుస్తుంటే పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య మన భాష చెవిన పడి ప్రాణం లేచి వస్తుంది.

సంస్థ పని మీద మేము ముగ్గురము ఒక వేసవిలో హజీరా వెళ్ళవలసి వచ్చింది. హజీరా నగరానికి పడమరగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన, సముద్రపు అంచున ఉన్నది. హజీరా–విజయపూర్–జగదీశ్‌పూర్ గ్యాసు గొట్టపు మార్గానికి మొదలు ఇక్కడే. భారీ కంప్రెసర్లు గ్యాసును నొక్కి వందల కిలోమీటర్ల దూరం నడిపించే చోటు అది. అక్కడికి వెళ్ళే దారిలోనే, పిడికెడు ఎత్తున ఉండే మరొక కంప్రెసర్ మా దృష్టిని ఆకర్షించింది. అది మేము అద్దెకు మాట్లాడుకొన్న కారులోనిది.

“బంగారం కుదువ పెట్టాలె సార్”

కారు నడిపే యువకుడు మన తెలుగువాడే. తండ్రి సిరిసిల్ల నుండి మగ్గం పనికి వచ్చినవాడు. కుమారుడు మగ్గం వదలి, అప్పు చేసి కారు కొనుక్కొన్నాడు. హజీరా దారిలో బండి వేగంగా పోతున్నంతసేపు ఎ.సి. చక్కగా పనిచేసింది. సహారా దర్వాజా దగ్గర వాహనాల రద్దీలో నిలబడిన కొద్ది నిమిషాలకే చల్లదనం సన్నగిల్లి, వేడిగాలి రాసాగింది. బానెట్ కింద ‘టక్, టక్’మని ఏదో పడుతూ లేస్తున్న శబ్దం.

“కంప్రెసర్ పోయింది సార్. గ్యారేజీల చూపిచ్చిన. మొత్తం మార్చాలెనట. మార్చాలంటే ఇంట్ల బంగారం కుదువ పెట్టాలె. మార్చకుంటేనేమో ఈ ఎండల్ల గిరాకి ఎక్కదు,” అన్నాడతడు.

ఆ మాట విన్న తరువాత ఊరకుండబుద్ధి కాలేదు. పని ముగిసిన సాయంత్రం అతనిని వెంటబెట్టుకొని ఉధనాలో రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న ఎ.సి. దుకాణానికి వెళ్ళాము. అక్కడ జరిగిన పరీక్ష, దాని వెనుక ఉన్న సూత్రం కారు ఉన్న ప్రతి కుటుంబానికీ ఉపయోగపడగలవనే తలంపుతో వివరిస్తున్నాము.

యంత్రం చేసే పని

కారు ఎ.సి. చల్లదనాన్ని సృష్టించదు, లోపలి వేడిని బయటికి మోసుకుపోతుంది. ఆ మోతకు కూలీ గ్యాసు, ఆ కూలీని నడిపించే మేస్త్రీ కంప్రెసర్. లోపలి వేడిని పీల్చుకొన్న గ్యాసును కంప్రెసర్ నొక్కి, అధిక పీడనంతో ముందున్న కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ గాలి తగిలి గ్యాసు వేడిని వదలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్రయర్ గుండా ప్రయాణించి, ఎక్స్‌పాన్షన్ వాల్వులోని సన్నని రంధ్రం దాటగానే పీడనం పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న ఎవాపరేటర్‌లో ఆవిరి అవుతూ మరల వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్‌ను ఇంజనుకు జతపరచేది విద్యుదయస్కాంత క్లచ్. మీట నొక్కితే అంటుకొంటుంది, తీస్తే విడిపోతుంది. కంప్రెసర్‌కు కావలసిన నూనె కూడ గ్యాసుతోపాటే తిరుగుతూ ఉంటుంది. కనుక గ్యాసు కారిపోతే నూనె కూడ కొంత పోతుంది. ఈ విషయం గుర్తుంచుకోవాలి.

గేజీలు చెప్పిన సాక్ష్యం

ఉధనా దుకాణదారు గేజీలు తగిలించి ఇంజను నడిపించాడు. అంతటి వేడిలో అల్పపీడన గేజీ చదరపు అంగుళానికి 30 నుండి 45 పౌండ్లు, అధిక పీడన గేజీ 200 నుండి 250 పౌండ్ల పరిసరాలలో చూపితే ఆరోగ్యంగా ఉన్నట్లు. ఇక్కడ అల్పపీడనం 60కి చేరింది. అధిక పీడనం 350 దాటి ఇంకా పైకి పోతున్నది. ఒక హద్దు చేరగానే క్లచ్ ‘టక్’మని విడిపోయింది. కొంతసేపటికి మరల అంటుకొంది.

350 పౌండ్లకు గ్యాసును నొక్కగలిగిన యంత్రం చెడిపోయినదని ఎట్లా అనగలము? నిజంగా లోపలి వాల్వులు, పిస్టన్లు అరిగిపోయి ఉంటే అల్పపీడనం ఎక్కువగాను, అధిక పీడనం తక్కువగాను ఉండి, రెండు ముళ్ళూ ఒకదానికొకటి చేరువవుతాయి. రెండూ తక్కువైతే గ్యాసు కారిపోయినదని ముందుగా అనుమానించాలి. రెండూ ఎక్కువైతే వేడి బయటికి పోవడం లేదనో, గ్యాసు మోతాదు మించినదనో, లోనికి గాలి చేరినదనో భావించాలి.

ఒక బక్కెట్టు నీరు తెప్పించి కండెన్సర్ మీద నెమ్మదిగా పోయించాము. చూస్తుండగానే అధిక పీడనం 220కి దిగింది, లోపల చల్లగాలి వచ్చింది. ఇక సందేహం లేదు. వంగి చూస్తే కండెన్సర్ ముందున్న ఫ్యాను తిరగడం లేదు. బ్యాటరీ నుండి నేరుగా కరెంటు ఇచ్చినా కదలలేదు. కర్రతో మెల్లగా తట్టగా తిరిగింది. అంటే మోటారు బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. అందుకే బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి చాలింది, నిలబడినప్పుడు చాలలేదు. పైగా కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, దారపు నూగు పేరుకొని దుప్పటి కప్పినట్లున్నది. మగ్గాల వీధులలో రాత్రింబవళ్ళు నిలిచే బండికి అది సహజమే. ఇక ఆ ‘టక్ టక్’ శబ్దం కంప్రెసర్ మరణ ఘంటిక కాదు; పీడనం హద్దు మీరకుండ స్విచ్చి దానిని కాపాడుతున్న చప్పుడు.

ఫ్యాను మోటారు మార్చి, తక్కువ ఒత్తిడితో నీరు పట్టి లోపలి వైపునుండి బయటికి కండెన్సర్‌ను కడిగించాము. కంప్రెసర్ ధరతో పోలిస్తే అయిన ఖర్చు స్వల్పం. ఫ్యాను సంగతి చూడకుండ కొత్త కంప్రెసర్ బిగించి ఉంటే అదీ అదే వేడికి, అదే ఒత్తిడికి లోనయ్యేది. బంగారమూ పోయేది, చల్లదనమూ దక్కేది కాదు.

నిజంగా చెడిపోతే

కంప్రెసర్ నిజంగా చెడే సందర్భాలు లేకపోలేదు. ఎ.సి. ఆపి ఉన్నా ఇంజను తిరుగుతుంటే గరగర శబ్దం వస్తున్నదంటే దోషం సాధారణంగా పుల్లీ బేరింగుది. దానిని విడిగా మార్చవచ్చు. క్లచ్ అంటుకొన్నప్పుడే శబ్దం వస్తే లోపలి భాగాలను అనుమానించాలి. క్లచ్ అసలే అంటుకోకపోతే ముందు ఫ్యూజు, రిలే, పీడన స్విచ్చి, క్లచ్‌కు కరెంటు చేరుతున్నదా లేదా అన్నవి వరుసగా చూడాలి. కంప్రెసర్ ముక్కు దగ్గర నూనె మరకలుంటే షాఫ్టు సీలు కారుతున్నట్లు. నూతన తరహా కంప్రెసర్లలో కంట్రోల్ వాల్వు ఒక్కటి మొరాయించినా పీడనాలు తారుమారవుతాయి. పలు రకాలలో ఆ వాల్వు విడిగా దొరుకుతుంది.

నూనెలో వెండి రంగు పొడి కనిపిస్తే కంప్రెసర్ లోపల అరిగి లోహాన్ని చిమ్మిందని అర్థం. అప్పుడు కంప్రెసర్ ఒక్కటే మార్చడం వృథా. సన్నని గొట్టాల కండెన్సర్‌లో చిక్కుకొన్న పొడిని కడిగి పూర్తిగా తీయడం కష్టం. దానిని, డ్రయర్‌ను కూడ మార్చి, మిగిలిన గొట్టాలను శుభ్రపరచవలసిందే. పాత కంప్రెసర్‌లోని నూనెను కొలిచి చూసి, కొత్తదానిలో కంపెనీ చెప్పిన మేరకే నూనె ఉంచాలి. బిగించిన పిదప క్లచ్ ముఖాన్ని చేతితో కొన్ని చుట్లు తిప్పాలి. సిలిండరులో నిలిచిన నూనె అట్లా బయటికి జరుగుతుంది.

సూరత్ వంటి సముద్ర తీర నగరంలో తేమ మరొక శత్రువు. ఆర్-134ఎ గ్యాసుతో వాడే నూనె తేమను ఇట్టే పీల్చుకొంటుంది. డబ్బా మూత తీసి ఉంచరాదు. గొట్టాల మూతలు చివరి క్షణం వరకు తీయరాదు. తేమ లోపల చేరితే ఆమ్లం పుట్టి లోహాన్ని తింటుంది. వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. అందుకే గ్యాసు నింపే ముందు కనీసం అరగంట వాక్యూమ్ పంపు నడపాలి. శూన్యంలో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై పోతుంది. పంపు ఆపిన తరువాత ముల్లు కదలకుండ నిలిస్తేనే కారుడు లేనట్లు. గ్యాసును బానెట్ కింద అతికించిన చీటీలో ఉన్న తూకం ప్రకారమే నింపాలి, కంటి అంచనాతో కాదు.

పాత గ్యాసును గాలిలోకి వదలడం తగదు. ఒకప్పటి ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్న వెయ్యి రెట్లకు పైగా శక్తి గలది. 2016 నాటి కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. కనుక గ్యాసును యంత్రంతో తిరిగి పట్టుకొనే దుకాణాన్నే ఆశ్రయించడం మంచిది. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో కంప్రెసర్ అధిక వోల్టేజీ కరెంటుతో నడుస్తుంది. నారింజ రంగు తీగల జోలికి శిక్షణ లేనివారు పోరాదు.

ఊరు నేర్పిన పాఠం

మరునాడు స్టేషనుకు వెళ్తూ ఆ యువకుడు 1994 నాటి ప్లేగు సంగతి ఎత్తాడు. భయపడి నగరం విడిచిన లక్షలాది జనంతోపాటు అతని తండ్రి కూడ సిరిసిల్ల చేరి, కొన్నాళ్ళకు తిరిగి వచ్చాడట. 1995 నుండి 1997 వరకు ఇక్కడ మునిసిపల్ కమిషనరుగా పనిచేసిన తెలుగు అధికారి ఎస్.ఆర్. రావు చెత్త తొలగింపును, వీధుల ఊడ్పును, మురుగు కాలువల శుభ్రతను దినచర్యగా మార్చి నగరం రూపు మార్చిన కథ దేశమంతటికీ విదితమే. రోగికి మందు ఇవ్వడం అవసరమే, కాని మురికి పేరుకొన్న చోటు వెతికి తీయనిదే రోగం తిరుగుముఖం పట్టదని ఆ నగరం గ్రహించింది. యంత్రాల విషయంలోనూ ఇంజనీర్లము నిత్యం చెప్పుకొనే మాట ఇదే.

పాఠక మిత్రులకు మా సూచన ఒక్కటే. వేసవి రాకముందే కండెన్సర్ కడిగించండి, ఎ.సి. వేసినప్పుడు ముందరి ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూడండి. చలికాలంలో సైతం వారానికొకసారి పది నిమిషాలు ఎ.సి. నడపండి, సీలు నూనెతో తడిసి పదికాలాలు మన్నుతుంది. ఎవరైనా కంప్రెసర్ మార్చాలంటే, “రెండు గేజీలూ ఎంత చూపాయి?” అని అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం వచ్చిన తరువాతనే డబ్బు సంచి మూతి విప్పండి.