టాటానగర్‌లో ఒక గెడ్డ

టాటానగర్ అన్నది రైలు స్టేషను పేరు; ఊరి పేరు జంషెడ్‌పూర్. సాక్చీ గ్రామం చుట్టూ వెలసిన ఉక్కు పట్టణానికి 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు జంషెడ్జీ టాటా పేరు పెట్టగా, అంతవరకు కాలిమాటిగా ఉన్న స్టేషను టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనవారికి మాత్రం ఊరూ స్టేషనూ రెండూ "టాటా"యే. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్ష్యం.

మా పెద్దమ్మ సువర్ణరేఖా నదికి ఆవలి ఒడ్డున, మాంగోలో నివసిస్తున్నది. కొన్నేళ్ళ క్రితం ఒక వర్షాకాలపు సాయంత్రం, ఆమె పెరటి గోడకు ఆవల పారుతున్న నల్లని నీటిని చూచి, "ఈ మురుగుకాలువ వాసన ఎలా భరిస్తున్నావు పెద్దమ్మా?" అన్నాను.

"మురుగుకాలువ కాదు నాన్నా, గెడ్డ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇందులో బట్టలు ఉతుక్కొనేవాళ్ళం. పిల్లలు గాలాలు వేసి చేపలు పట్టేవాళ్ళు" అన్నది ఆమె.

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. ఇక్కడి ఇరుగుపొరుగువారు దానిని హిందీలో నాలా అంటారు. ఆ ఒక్క మాట వాగుకూ చెల్లుతుంది, మురుగుకాలువకూ చెల్లుతుంది. అనువాదం వృత్తిగా గల నాకు ఒక అర్థం మరొక అర్థాన్ని మ్రింగివేయటం కొత్త కాదు. ఇక్కడ అర్థంతోపాటు నీరు కూడా మారిపోయింది.

నిజానికి ఈ పట్టణం పచ్చదనాన్ని తలచి పుట్టినదే. వీథులు విశాలంగా ఉండాలనీ, నీడనిచ్చే చెట్లు నాటాలనీ, పచ్చిక బయళ్ళకూ తోటలకూ ధారాళంగా చోటు విడువాలనీ 1902లో జంషెడ్జీ తన కుమారుడు దోరాబ్జీకి వ్రాశాడు. 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడింది. దరిమిలా టెంపుల్, స్టోక్స్, కోనిగ్స్‌బర్గర్ అనే నిపుణులు ఒకరి తరువాత ఒకరు పట్టణ ప్రణాళికలు సిద్ధపరిచారు. 1958లో ప్రధాని నెహ్రూ ప్రారంభించిన జూబ్లీ పార్కు నేటికీ ఊరికి ఊపిరి. కాని ఊరు ఆ ప్రణాళికల హద్దులు దాటి పెరిగింది. డాల్మా కొండలకూ సువర్ణరేఖకూ నడుమ ఇళ్ళు క్రిక్కిరిసిన మాంగో అట్టి విస్తరణే.

మట్టి నేల వానను త్రాగుతుంది. త్రాగినదానిని నెలల తరబడి ఊటగా వాగుకు అందిస్తుంది. వేసవిలోనూ గెడ్డ పారటానికి కారణం ఆ ఊటే. సిమెంటు నేల త్రాగదు. నూరు చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్ల నీరు క్రిందికి దూకుతుంది. వీథిలోని నూనె మరకలనూ, పొగమసినీ, చెత్తనూ కడుగుకొంటూ ఒక్క పెట్టున వాగులో పడి గట్లను కోస్తుంది. వాన వెలిసిన తరువాత వాగులో మిగిలేది ఇళ్ళ మురుగే.

ఈ పాపంలో నాకూ భాగమున్నది. అంతకు ముందు నాలుగేళ్ళ క్రితం, బురద బాధ పడలేక పెద్దమ్మ వాకిలి మొత్తానికి సిమెంటు వేయించినది నేనే. వాకిలి అద్దంలా మెరిసింది. కాని ఆ ఏటి నుండి పెద్ద వాన పడినప్పుడల్లా పల్లంలోని పొరుగింట్లోకి నీరు చొరబడసాగింది. ఒకసారి వారి బియ్యం బస్తా తడిసిపోయింది. వారు పల్లెత్తు మాట అనలేదు. ఆ సంగతి చెప్పి, "నువ్వు బాగు చేసింది మన వాకిలి మట్టుకే నాన్నా" అన్నది పెద్దమ్మ.

మరునాడే కూలివానిని పిలిపించి గోడ వెంబడి రెండడుగుల వెడల్పున సిమెంటు పగులగొట్టించాను. డాబా గొట్టం నీరు పడేచోట, ఇంటి పునాదికి దూరంగా, జానెడు లోతు గుంట త్రవ్వించి, ఇసుక కలిపిన మట్టి నింపి, పైన కొంత పల్లముంచి వట్టివేరు, మెట్టతామర నాటాము. ఇటువంటి గుంటలో నీరు ఒకటి రెండు రోజులలో ఇంకిపోవాలి. లేకుంటే దోమలకు నిలయమవుతుంది.

పెద్ద నగరాలూ ఈ మార్గమే పట్టాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా 2011లో వాన నీటిని చెట్ల పాదులలోనూ, తోటలలోనూ ఇంకించే 25 ఏళ్ళ పథకం చేపట్టింది. సింగపూరులోని బిషాన్ పార్కులో కాంక్రీటు కాలువగా మారిన కల్లాంగ్ నదికి 2012 నాటికి తిరిగి వంపులూ, పచ్చని గట్లూ కల్పించారు.

మా రెండడుగుల మట్టి వరదలను ఆపజాలదు. దోముహానీ వద్ద కలిసే ఖర్కాయి, సువర్ణరేఖలు ఉప్పొంగితే పల్లపు ప్రాంతాలు మునుగక తప్పదు. ఇళ్ళ మురుగును వేరుగా మళ్ళించి శుద్ధి చేయనిదే గెడ్డ తేటపడదు. అది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. అయినా మరుసటి ఏడు నేను వెళ్ళినప్పుడు గంటసేపు వాన కురిసింది. పొరుగింటి గడప తడవలేదు.

గెడ్డను గెడ్డ అని పిలిచినంత మాత్రాన అది బాగుపడదు. కాని మురుగుకాలువ అని పిలిచినంత కాలం అందులో చెత్త పోయటానికి ఎవరి చేయీ వెనుకాడదు.