దిల్‌సుఖ్‌నగరు వీడియో వనితలు

హైదరాబాదునకు తూర్పున విజయవాడ పోవు రాజమార్గముపై దిల్‌సుఖ్‌నగరును, దానిని దాటిన పిదప లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి. నగరును ఉన్నవి. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వఱకు మెట్రో రైలు నడవ నారంభించినది. నాటినుండి ఈ రెండు పేటల నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు స్టేషనులే అడ్డము. మేము మొన్న మేనకోడలి పెండ్లిచీరలకై అచటికి పోయి, చీరలకంటె వానిని చూపువారినే యెక్కువగా చూచి వచ్చితిమి.

దిల్‌సుఖ్‌నగరున ఎటు చూచినను శిక్షణాలయముల పలకలు, ఆడపిల్లల హాస్టళ్ళు. నల్లగొండ, సూర్యాపేట బస్సులు ఈ దారినే వచ్చును గాన ఆ ప్రాంతముల పిల్లలు ఇచట మెండు. మేము పోయిన దుకాణమున అట్టి చిన్నది యొకతె వీడియోలకు నిలుచుచున్నది. ఒక కుఱ్ఱవాడు ఫోనును కడ్డీకి బిగించి గుండ్రని దీపము వెలిగించెను. ఆమె కట్టిన చీరపైననే వేఱొక చీర చెఱగు భుజమున వేసికొని, "హాయ్ అండీ, మన ఫ్యామిలీ అందరికీ నమస్కారం" అని ప్రారంభించి, వెల, రంగులు, డబ్బు పంపు నంబరు గుక్క తిప్పుకొనక చెప్పెను. అది ముగియగనే తల్లి ఫోను. "తిన్ననే అమ్మా, రంది వెట్టుకోకు" అనెను. రెండును ఆ నోటివే!

"ఆ మాటతోనే చీరలు చూపరాదా, తల్లీ?" అని యడిగితిమి.

"సేటు ఒప్పుకోడమ్మా. ఊరి మాటయితె చీర గూడ అగ్గువదనుకుంటరట. మా అమ్మ వీడియో చూసి, గది నువ్వేనా బిడ్డా అన్నది" అని నవ్వెను. ఆ నవ్వు మాకు రుచింపలేదు.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగుగా చెప్పెను. చీర, నగ దుకాణమువారివి. చేతులు త్రిప్పుట ఎవరైనను నేర్తురు. వాచికము అట్టిది కాదు, అది తల్లియొడిలో వచ్చినది. పెక్కేండ్లు మన చలనచిత్రములు తెలంగాణపు మాటను హాస్యగానికో దుష్టునికో యిచ్చినవి. సేటుగారి లెక్క అచటిదే. ఆ లెక్క తప్పని ఈ యూట్యూబే చూపినది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ 'మై విలేజ్ షో' వీడియోలలో తన యూరి మాటతోనే పేరు పొంది, 2020లో బిగ్ బాస్ ఇంటికి పోయినది. గుంటూరు జిల్లా మస్తానమ్మ నూఱేండ్లు దాటిన వయసున ఆరుబయట కట్టెల పొయ్యిపై వండి చూపుచు, 2018లో కాలము చేయునాటికి దేశదేశములవారికి అవ్వ యైనది. అయినను మాకొక సందేహము. ముదుసలి పల్లెమాటను లోకము ముద్దు చేయును; ఇరువదేండ్ల పిల్ల అదే మాటాడిన మోటుదనును.

ఆ రాత్రి ఎల్.బి. నగరున మా పినతల్లిగారింట నుంటిమి. ఆమె కోడలు వంటల వీడియోలు తీయుచున్నది. పొడుగు వీడియోలవారికి ప్రకటనల రాబడిలో భాగము రావలెనన్న వేయిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణము ఉండవలెనట. ఆమెకు ఇంకను తొమ్మిదివందలే. ముఖము చూపవలదని అత్తగారి యానతి. అందుచే చేతులు మాత్రమే కనబడును. చూపరులు ఆమెను 'గాజులక్క' యందురు. వారికై వారమున కొక రంగు గాజులు మార్చును. మాట మాత్రము అచ్చముగా వరంగల్లుదే, దానినెవ్వరును వలదనలేదు. వంట నడుమ "ఉప్పేసినవా?" అని వెనుకనుండి అడుగు అత్తగారి గొంతు ప్రతి వీడియోలోను వినవచ్చును. ఒకమాఱు ఆమె ఊరికి పోగా, అత్తమ్మ ఏదని పదునార్గురు వ్రాసిరట.