ఆగిన పంకా నేర్పిన పాఠం

మన వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో కారు హీటరును గూర్చి వ్యాసం వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. వైశాఖ మాసంలో తాండూరు నాపరాళ్ళపై కాలు మోపినవారికి వేడి కోసం వేరొక యంత్రం ఎందుకన్న సందేహం కలగడం సహజం. కాని పుష్యమాసపు వేకువజామున అనంతగిరి కొండల మీదుగా ప్రయాణించినవారు దాని విలువ ఎరుగుదురు. మూసీ నది జన్మించిన ఆ అడవులలో పొగమంచు కమ్మినవేళ కారు అద్దం లోపలివైపు కూడా మసకబారుతుంది. ప్రయాణికుల ఊపిరిలోని తేమ చల్లని అద్దాన్ని తాకి నీటిపొరగా మారుతుంది. ఇంజను వేడినీటి నుండి హీటరు వేడిని గ్రహిస్తే, ఆ వెచ్చని గాలిని అద్దం మీదికి నెట్టి పొరను తొలగించేది ఒక చిన్న పంకా.

మా మామూజాన్ తాండూరులో ఒక పాత కారును కిరాయికి నడుపుతారు. గత శీతాకాలంలో మా నానీమాకు ఆయాసం ఎక్కువై, తెల్లవారకముందే ఆమెను వికారాబాదు ఆసుపత్రికి తీసుకొని బయలుదేరాము. దారి సుమారు 40 కిలోమీటర్లు. అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా పంకా ఆగిపోయింది. కొద్దిసేపటికే అద్దం తెల్లబడింది. కిటికీ తెరిస్తే అద్దం తేటపడుతుంది గాని, చలిగాలికి నానీమా దగ్గు హెచ్చుతుంది. మామూజాన్ కారును నడక వేగానికి తగ్గించారు. నేను గుడ్డతో అద్దం తుడుస్తూ కూర్చున్నాను. ఎట్టకేలకు క్షేమంగా చేరాము.

మరునాడు ఒక కార్ఖానాలో కారును చూసీచూడగానే మోటారు మొత్తం మార్చవలసిందేనన్నారు. కిరాయి బండి మీద బ్రతికే మామూజాన్‌కు అది భారమైన మాట. ఆయన కారును తాండూరులోని ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసుకువెళ్ళారు. ఆయనను అందరూ ఉస్తాద్ అంటారు.

“భాయ్, ఖరీదైన వస్తువును చివర అనుమానించాలి. ముందు చవక వస్తువును అడుగుదాం,” అన్నాడాయన.

మొదట మీట తిప్పి అన్ని వేగాలూ పరీక్షించాడు. ఒక్క పై వేగంలోనే పంకా తిరిగితే లోపం సాధారణంగా రెసిస్టరుది. ఎందుకంటే చాలా కార్లలో పై వేగానికి విద్యుత్తు దాని గుండా పోదు. మా పంకా ఏ వేగంలోనూ కదలలేదు. తరువాత ఫ్యూజు చూశాడు. కాలిపోయి ఉంది. అంతే సామర్థ్యం గల కొత్త ఫ్యూజు వేయగా పంకా మూలుగుతూ కొంత తిరిగి, మళ్ళీ ఆగింది. ఫ్యూజు మళ్ళీ కాలింది. ఈసారి పెద్ద ఫ్యూజు వేయమని పక్కనున్నవారు సలహా ఇచ్చారు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు.

“ఫ్యూజు దొంగ కాదు, సాక్షి. సాక్షి నోరు మూయిస్తే తీగలే అంటుకుంటాయి.”

ఫ్యూజు బాగుండీ పంకా తిరగకపోతే ఏం చేయాలో కూడా చూపించాడు. 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి మోటారు కనెక్షను వద్ద ఆనించాలి. బల్బు వెలిగితే విద్యుత్తు అక్కడిదాకా వస్తున్నట్టే. దోషం మోటారులో, బహుశా అరిగిన కార్బన్ బ్రష్షులలో ఉంటుంది. వెలగకపోతే మీటను, తీగలను, తుప్పుపట్టిన ఎర్త్ కనెక్షనును వెదకాలి.

చివరకు డాష్‌బోర్డు క్రింద నుండి పంకాను విప్పాడు. దాని రెక్కల నిండా తెల్లని రాతిపొడి, ఎండుటాకులు! అద్దం ముందున్న జాలీ గుండా ప్రవేశించిన ఆ పొడి ఇరుసును బిగించివేసింది. తిరగలేక తిరుగుతున్న మోటారు అధిక విద్యుత్తును లాగింది, ఫ్యూజు కాలింది. శుభ్రం చేసి, ఇరుసుకు ఒక చుక్క నూనె వేయగానే పంకా హాయిగా తిరిగింది. మోటారు మార్చే పని లేకపోయింది.

ఆ తెల్లని పొడి మాత్రం నా మనస్సులో నిలిచిపోయింది. గాలి మంచిదని క్షయరోగుల చికిత్సాలయం నెలకొల్పిన అనంతగిరికి కొద్ది దూరంలోనే, బండలు కోసి, పాలిష్ పట్టి ఎన్నో కుటుంబాలు జీవిస్తున్నాయి. ఆ రాయి మనకు అన్నం పెడుతోంది. దాని దుమ్ము యంత్రంలో చేరితే ఫ్యూజు కాలి హెచ్చరిస్తుంది. కార్మికుని ఊపిరితిత్తులలో చేరితే అంత త్వరగా హెచ్చరించేది ఏదీ లేదు. కోసేచోట నీరు చల్లడం, ముక్కుకు గుడ్డ కాక తగిన మాస్కు ధరించడం పెద్ద మోటారు ఖర్చులేమీ కావు.

సోదర విద్యార్థులారా! కాలిన ఫ్యూజు వద్దనే ఆగిపోక, దానిని కాల్చిన దుమ్ము దాకా ప్రశ్నిస్తూ వెళ్ళడమే మనం నేర్వవలసిన విద్య.