మంచు కరిగిన తరువాత

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య భాగంలో, కెనడా సరిహద్దును ఆనుకొని వెర్మాంట్ రాష్ట్రం ఉంది. అక్కడి ఎత్తయిన కొండలను శీతాకాలపు మంచు ఏప్రిల్ నెల దాకా విడిచిపెట్టదు. మే 1వ తేదీన అడవి టర్కీ కోళ్ళ వేట మొదలవుతుంది. చలి తీవ్రంగా ఉన్న ప్రతి సంవత్సరమూ వేటగాళ్ళ మనసులో ఒకే సందేహం మెదులుతుంది: ఈసారి అడవిలో పుంజుల కూత వినబడుతుందా?

ఈ సందేహం వెనుక ఒక చరిత్ర ఉంది. అడవుల నరికివేత, అదుపులేని వేట కారణంగా పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలానికే ఈ పక్షి వెర్మాంట్‌లో కనుమరుగైంది. 1969, 1970 సంవత్సరాలలో పొరుగున ఉన్న న్యూయార్క్ రాష్ట్రం నుండి 31 పక్షులను తెచ్చి అక్కడి అడవులలో విడిచిపెట్టారు. వాటి సంతతి వృద్ధిచెంది, 1973 నాటికి పరిమితమైన వేటను అనుమతించగల స్థితికి వచ్చింది. అంత కష్టపడి తిరిగి సంపాదించుకొన్న పక్షి కనుకనే చలికాలం వచ్చిందంటే అంత ఆందోళన.

నిజానికి చలి ఒక్కటే టర్కీని చంపలేదు. దట్టమైన ఈకలు, శరదృతువులో ఒంటికి పట్టిన కొవ్వు దానికి రక్షణ. అసలైన ఆపద లోతైన పొడి మంచు. టర్కీ నేలపై నడుస్తూ, కాళ్ళతో గీరి ఆహారం వెదకుకొనే పక్షి. మెత్తని మంచు అడుగుకు మించి పేరుకొంటే దానికి నడక సాగదు; రాలిన ఓక్ కాయలు, బీచ్ గింజలు అందవు. అప్పుడు అవి గాలి సోకని సతతహరిత వృక్షాలపైకి చేరి, కదలక మెదలక రోజులు గడుపుతాయి. ఆరోగ్యంగా ఉన్న పక్షి వారం రోజులకు పైగా ఆహారం లేకుండా ప్రాణం నిలుపుకోగలదు. మంచు పైపొర గట్టిపడిన నాడు మళ్ళీ నేలకు దిగుతుంది. పాడి రైతులు పొలాలలో చల్లిన పేడ ఎరువులోని మొక్కజొన్న గింజలు కూడా దాని ఆకలి తీరుస్తాయి.

పుంజును కూతకు పురికొల్పేది ముఖ్యంగా పగటి నిడివి. వసంతం ఆలస్యమైనా సూర్యుడు ఆలస్యం చేయడు. అయితే మంచు తొలగని సంవత్సరంలో శీతాకాలపు గుంపులు విడిపోవడం, పెట్టలు గుడ్లు పెట్టడం కొంత వెనుకబడతాయి. చుట్టూ పెట్టలు తిరుగుతున్నంతకాలం పుంజు వేటగాని పిలుపును సాధారణంగా లక్ష్యపెట్టదు. మే నెల మొదటి రోజులలో అడవి నిశ్శబ్దంగా ఉంటే, పక్షులన్నీ చలికి చనిపోయాయని వేటగాడు భావిస్తాడు. చాలాసార్లు వాటి ఋతుక్రమం ఆలస్యమై ఉంటుంది, అంతే.

అసలు నష్టం వెంటనే కంటికి కనిపించదు. చలికాలంలో కృశించిన పెట్టలకు సంతానం తగ్గవచ్చు. జూన్ నెలలో చలివానలు కురిస్తే, తడిసిన పసిపిల్లలు వెచ్చదనం నిలుపుకోలేక మరణిస్తాయి. రెండేళ్ళ వయసు పుంజులే ఎక్కువగా కూస్తాయి కనుక, ఆ లోటు మరో రెండేళ్ళకు వేట కాలంలో తెలుస్తుంది.

అందుకే వసంతకాలపు వేటకు కఠినమైన నియమాలు ఉన్నాయి. వెర్మాంట్‌లో ఛాతీపై గడ్డంవంటి కుచ్చు ఉన్న పక్షులనే, అనగా చాలావరకు పుంజులనే, వేటాడాలి. ఒకరికి రెండింటికి మించి అనుమతి లేదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వేట ముగియాలి. ఒక పుంజు అనేక పెట్టలతో జతకడుతుంది కనుక, పుంజులు కొన్ని తగ్గినా పెట్టలు క్షేమంగా ఉంటే మరుసటి తరానికి లోటు రాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమలులో ఉన్న భారతదేశంలో పెరిగిన విద్యార్థికి వేటకూ సంరక్షణకూ పొత్తు వింతగా తోచవచ్చు. కాని అమెరికాలో 1937 నాటి ఒక చట్టం తుపాకులు, తూటాలపై వచ్చే పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు కేటాయించింది. ఆ పద్ధతి మంచిచెడ్డలపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ప్రతి సంవత్సరమూ చలికాలం ముందుగా తన పాలు తీసుకుంటుంది. తరువాత వాన తన పాలు తీసుకుంటుంది. మిగిలినదానిలో తన పాలు ఎంతో లెక్కించుకోవలసినవాడు మానవుడు. ఆ లెక్క మరచిన కాలంలోనే వెర్మాంట్ కొండలు ఒకసారి మూగవోయాయి.