లివా ఇసుకలో తాడు సంగతి

అబుదాబి నుంచి మదీనత్ జాయెద్ మీదుగా లివా దాకా దారి గురించి రాయడానికి ఏమీ లేదు. నున్నటి తారురోడ్డు, కారులో ఏసీ. రాత్రి దిగిన హోటల్ గది బాగుంది, అద్దె మాత్రం మరీ ఎక్కువ. నేను రాయాలనుకున్నది మర్నాడు పొద్దున్న కలిసిన జగిత్యాల పెద్దాయన గురించి, తన పికప్ పక్కన చాప పరిచి ఆయన చూపించిన సామాను గురించి.

గల్ఫ్‌లో తెలుగువాళ్లు తగలని ఊరుండదు. అయినా రుబ్ అల్ ఖాలీ అంచున, తల్ మొరీబ్ దిబ్బకు వెళ్లే దారిలో, "ఏ ఊరు తమ్మీ మీది?" అని వినబడగానే ప్రాణం లేచొచ్చింది. క్యాంపులకు నీళ్లూ సామానూ చేరవేస్తూ ఏళ్ల తరబడి ఈ ఇసుకలోనే బండి తోలుతున్నాడు. మా మిత్రుడి పజేరో దిబ్బల మధ్య గుంటలో ఇరుసుల దాకా దిగబడితే ఆయనే వచ్చాడు.

వచ్చీరాగానే తాడు తీస్తాడనుకున్నాం. తీయలేదు. వంగి టైర్లు చూశాడు. "గాలి ఎంతుంది?" అన్నాడు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరును ఇసుకలోకి దిగేముందే 15కి తగ్గించాలి. గాలి తగ్గితే టైరు అడుగుభాగం పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటికి పంచుకుపోయి ఇసుక నిలబడుతుంది. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఆయన లెక్కలో మొదటి పరికరం గాలి కొలిచే గేజీ. అన్నిట్లోకీ చవకైనదీ అదే.

రెండోది పార. బండి పొట్ట ఇసుక మీద కూర్చున్నాక చక్రాలు తిప్పేకొద్దీ గొయ్యి లోతవుతుందే తప్ప బండి కదలదు. చక్రాల ముందూ పొట్ట కిందా తవ్వి ఇసుక తీసేయాలి. మడతపెట్టే చిన్న పారలు కొనొద్దన్నాడు. పొట్ట కిందికి చెయ్యి అందాలంటే కామ పొడుగ్గా ఉండాలి.

మూడోది పళ్లున్న ప్లాస్టిక్ పలకలు. టైరు ముందు ఏటవాలుగా దోపి మెల్లగా ఎక్కించాలి. ఆత్రపడి యాక్సిలరేటర్ తొక్కితే టైరు రాపిడికి పళ్లు కరిగిపోతాయి. వీటి వెనక ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. 1920లలో ఈజిప్టులో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ సెలవుల్లో ఫోర్డు కార్లేసుకుని లిబియా ఎడారిలో తిరిగేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల పైకప్పు కోసం చేసిన ఉక్కు దోనెలు కైరో పాతసామాన్ల కొట్లో దొరికితే, వాటిని చక్రాల కింద వేసి కార్లను గట్టెక్కించాడు. 1940లో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ లారీలు కూడా అలాంటి దోనెలనే మోసుకెళ్లాయి. ఇసుక కదలిక మీద 1941లో ఆయన రాసిన శాస్త్రగ్రంథాన్ని పరిశోధకులు నేటికీ తిరగేస్తారు. దిగబడి, తవ్వి, బయటపడుతూ నేర్చుకున్న మనిషి కాబట్టే అంత బాగా రాయగలిగాడని నాకు గట్టి నమ్మకం.

మధ్యలో పెద్దాయన డబ్బా విప్పి సర్వపిండి పెట్టాడు. రూములో తనే చేసుకున్నాడట. పల్లీలూ నువ్వులూ పంటికి తగులుతుంటే, హోటల్ బఫే గుర్తు కూడా రాలేదు.

తిన్నాక తాడు తీశాడు. బొటనవేలంత లావు నైలాన్ తాడు.

"అందరు గట్టి తాడే అడుగుతరు తమ్మీ. గట్టిగుంటె సాలదు, సాగాలె."

ఈ తాడు దాదాపు మూడోవంతు సాగుతుంది. లాగే బండి ఊపు తాడులో నిండి, దిగబడ్డ బండిని కుదుపు లేకుండా పైకి తెస్తుంది. ఇనుప తీగ అలా సాగదు. ఒక్కసారిగా గుంజుతుంది, ఏదో ఒకటి విరుగుతుంది. తాడు తెగే బరువు, రెండు బండ్లలో తేలికైనదానికి రెండు మూడు రెట్లుండాలి. సామానుతో మూడు టన్నులుండే బండికి ఎనిమిది టన్నుల తాడు సరిపోతుంది. పదిహేను టన్నులది కొంటే అది అంతగా సాగదు, డబ్బు దండగ.

ఆ తర్వాత చెప్పింది మాత్రం నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండుకు తాడు ఎప్పుడూ కట్టొద్దని. గుంజుడుకు ఆ గుండు విరిగితే తూటాలా వచ్చి అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకొస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయాయి. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, బరువు రాసి ఉన్న కొక్కేనికే కట్టాలి. తాడును కొక్కేనికి కలిపే ఇనుప షాకిల్ బదులు తాడుతో అల్లిన మెత్తటి షాకిల్ వాడితే, అది తెగినా ఎగిరొచ్చే ఇనుము ఉండదు. అందర్నీ తాడు పొడవుకు మించిన దూరానికి పంపాకే పికప్ స్టార్ట్ చేశాడు. పజేరో ఒక్క ఊపుకు పైకొచ్చింది.

బండిని తీగతో లాగే వించ్ సంగతి అడిగాను, చాలా రోజులుగా దాని మీద మనసుంది. "దేనికి కడ్తవు?" అన్నాడు చుట్టూ చూపిస్తూ. చెట్టు లేదు, బండ లేదు. స్టెప్నీ టైరును పాతిపెట్టి దానికి కట్టొచ్చట గానీ, ఆ గొయ్యి తవ్వే ఓపికతో బండినే తవ్వి తీయొచ్చు. వించ్ అడవుల్లో, బురదలో తిరిగేవాళ్లకు. ఒంటరిగా ఇసుకలోకి పోతే తాడు కూడా పనికిరాదు, లాగడానికి రెండో బండి ఉండాలిగా. పార, పలకలే దిక్కు.

తారురోడ్డు ఎక్కాక నాలుగు టైర్లకూ ఆయన కంప్రెసర్‌తోనే గాలి పట్టించాం. 15 పీఎస్ఐతో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. కంప్రెసర్ బుసకొడుతున్నంతసేపూ నేను ఫోన్‌లో కొనాల్సినవి రాసుకుంటూ కూర్చున్నాను. కంప్రెసర్ ఏ రకం తీసుకోవాలని అడిగితే, సిగరెట్ లైటర్‌ సాకెట్లో గుచ్చేది వద్దు, నేరుగా బ్యాటరీకి తగిలించేదే తీసుకొమ్మన్నాడు.