అమ్మీ కట్టల హిసాబ్

ప్రోగ్రామింగ్ కొత్తగ నేర్చుకునేటోళ్లకు ఒక సవాల్ ఇస్తరు: మనిషిని అంకెలు అడుగుకుంట పోవాలె, సున్నా కొట్టంగనే ఆపి మొత్తం చెప్పాలె. సిద్దిపేట జిల్లా మద్దూరుల ఇంటర్ చదివే మా బేటీ దీని దగ్గర ఆగిపోయింది. లూపు, ఇన్‌పుట్ అనే మాటలు చూసి, "ఇది మనసొంటోళ్లకు కాదు అబ్బా" అన్నది.

"మీ దాదీని చూడు బేటా" అన్న.

మా అమ్మీ బీడీలు చేస్తది. ఫజర్ నమాజ్ కాంగనే చాట ఒళ్లె పెట్టుకుంటది. వంటకు లేస్తది, మళ్ల కూసుంటది. 25 బీడీలకు ఒక కట్ట. దినాం ఎన్నిసార్లు కూసుంటదో ముందుగాల ఆమెకే తెల్వది. కూసునుడు, చుట్టుడు, కట్టలు లెక్కవెట్టుడు, మళ్ల కూసునుడు. లూపంటే గదే. "ఇగ చాలు" అని చాట పక్కకు పెడ్తది చూడుండ్రి, అదే సున్నా.

బేటీ పైథాన్‌ల రాసింది. పొద్దటివి 12, జొహర్ తర్వాతవి 9 కొట్టి కలిపితే 129 వచ్చింది! అమ్మీ ఒకటే నవ్వుడు: "గన్ని కట్టలైతే ఇల్లే కట్టుకుందుము." ఇన్‌పుట్‌తోని ఏమొచ్చినా పైథాన్‌కు అది రాతే, అంకె కాదు. అందుకే 12 పక్కన 9 అతికిచ్చింది. 'ఇంట్' అని పెడితేనే అంకె అయితది. తర్వాత 'వైల్' లూపు పెట్టింది: మొదలు మొత్తం సున్నా. అడుగు. సున్నా చెప్తే 'బ్రేక్'. లేకుంటే మొత్తానికి కలిపి మళ్ల అడుగు. 12, 9, 11, 8, సున్నా. 40 కట్టలు, 1000 బీడీలు.

ఇట్ల మెట్టు మెట్టుగ లెక్క తేల్చే పద్ధతిని అల్గారిథమ్ అంటరు. 9వ శతాబ్దంల బగ్దాద్‌ల పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిన్‌ల మారి ఆ మాటయ్యింది. ఆల్జీబ్రా గూడ ఆయన కితాబ్ పేరుల ఉన్న 'అల్ జబ్ర్' నుంచే వచ్చింది. ఈ ఇల్మ్ మనది కాదని మన పిల్లలు ఎందుకు అనుకోవాలె?

అమ్మీకి చదువు రాదు. ఇన్నేండ్లు ఆమె మెహనత్ హిసాబంతా కార్ఖానోళ్ల బుక్కులనే ఉండె. వాళ్లు ఎంత రాస్తే అంత. ఇప్పుడు మగ్రిబ్ తర్వాత మనుమరాలు అడుగుతది, దాదీ చెప్తది. మొన్న కార్ఖానల 38 రాస్తుంటే, "40 ఉండాలె, మళ్ల లెక్కవెట్టుండ్రి" అన్నదట.

లెక్కవెట్టిండ్రు. 40 రాసిండ్రు.